వార్డు కమిటీ ఎక్కడుంది? మున్సిపల్ మంత్రి గారికి బహిరంగ లేఖ

2025 నవంబర్

గౌరవనీయులైన రాష్ట్ర మున్సిపల్ పరిపాలన, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

అయ్యా,

వార్డు పనులు ఆ వార్డు జనమే చూసుకునే వార్డు కమిటీల గురించి మీ పేషీకీ, డైరెక్టర్ ఆఫీసుకీ, మా కమిషనర్ గారికీ ఇచ్చిన అర్జీలన్నిటికీ నంబర్లు వచ్చాయి. జవాబు ఒక్కదానికీ రాలేదు. ఒక అర్జీని మాత్రం ప్రజా ఫిర్యాదుల వ్యవస్థ పీజీఆర్ఎస్‌లో ‘పరిష్కరించబడినది’ అని మూసేశారు. ఏం పరిష్కరించారా అని తెరిచి చూస్తే, ‘తగు చర్య నిమిత్తం సంబంధిత విభాగమునకు పంపడమైనది’ అని ఉంది. పంపడమే పరిష్కారమైతే పోస్ట్‌మ్యాన్‌ని మించిన పాలకుడు ఉండడు. అందుకే ఈసారి నలుగురికీ తెలిసేలా రాస్తున్నాం. మా ఊరి పేరు వేయడం లేదు. వేస్తే మా కమిషనర్‌కి ఒక మెమో వస్తుంది, ఆయన దగ్గర్నుంచి కిందివాళ్లకి నాలుగు మెమోలు వెళ్తాయి, సంగతి అక్కడితో సరి. అయినా మేం చెప్పబోయేది శ్రీకాకుళం నుంచి తిరుపతి దాకా ఏ కార్పొరేషన్‌కైనా అతుకుతుంది.

మేం అడిగేది కొత్త పథకం కాదు. డబ్బు కూడా కాదు. రాజ్యాంగంలో 243ఎస్ అధికరణం 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్లో వార్డు కమిటీలు వేయాలని అందులో ఉంది. ఒక్క వార్డుకే ఒక కమిటీ అయితే ఆ వార్డు కార్పొరేటరే దానికి అధ్యక్షులని కూడా ఉంది. వేస్తే బాగుంటుంది అని కాదు, వేయాలనే ఉంది. తర్వాత నగరాలకి నిధులిచ్చే కేంద్ర పథకం జేఎన్ఎన్‌యూఆర్ఎం వచ్చింది. వార్డు కమిటీ, ఓటర్లంతా కూర్చునే ఏరియా సభ అంటూ చట్టం తెచ్చుకోండి, అప్పుడే నిధులు అని కేంద్రం షరతు పెట్టింది. 2008లో చట్టం తెచ్చుకున్నాం. నిధులొచ్చాయి. విశాఖలో, విజయవాడలో పైపులు పడ్డాయి, ఇళ్లు లేచాయి. ఆ షరతులో ఉన్న కమిటీ ఏ వార్డులో కూర్చుని ఏ నెల సమావేశమైందో, మినిట్స్ పుస్తకం ఏ బీరువాలో ఉందో ఎవరైనా చూపిస్తే వెళ్లి దండం పెట్టుకుని వస్తాం.

కమిటీ లేకపోతేనేం, కార్పొరేటర్ ఉన్నారుగా అంటారు మీరు. ఉన్నారు. ఏ పార్టీ అన్నది పక్కన పెట్టండి, మా ఊళ్లో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు, అందరి బాధా ఒకటే. ఎన్నికల్లో గెలిచి ప్రమాణం చేశాక కార్పొరేటర్ చేతికి వచ్చేవి ఒక లెటర్‌హెడ్, ఒక రబ్బరు స్టాంపు, కౌన్సిల్ హాల్లో ఒక కుర్చీ. నెలనెలా ఇచ్చే గౌరవ వేతనం వార్డు తిరగడానికయ్యే పెట్రోలుకి సరిపోతే గొప్ప. వార్డు పేరు మీద ఖర్చు పెట్టడానికి సొంత నిధి లేదు. ఫలానా పని చేయమని ఎవరికీ రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చే అధికారం లేదు. జనం మాత్రం కొళాయి రాకపోయినా, కుక్క కరిచినా, ఎదురింటాయన మెట్లు రోడ్డు మీదికి కట్టినా వచ్చి తట్టేది ఆ తలుపే.

మాటలు కాకుండా ఒక సైడు కాలవ కథ చెప్తాం. కాస్త ఓపిక పట్టండి, ఇందులోనే అంతా ఉంది.

180 మీటర్ల వీధి అనుకోండి. వాన పడితే నీళ్లు నిలబడుతున్నాయి, కాలవ కావాలి. కార్పొరేటర్ లెటర్ పెడతారు. వార్డు సచివాలయంలోని ఎమినిటీస్ కార్యదర్శి వచ్చి చూస్తారు, అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) ఎస్టిమేట్ వేస్తారు, అది పై ఇంజనీర్లలో డీఈ దాటి ఈఈ దగ్గరికి, మొత్తం పెద్దదైతే ఎస్ఈ దాకా వెళ్తుంది. పరిపాలన అనుమతి కోసం స్టాండింగ్ కమిటీకో, కౌన్సిల్‌కో అజెండాలో ఎక్కుతుంది. తర్వాత టెండరు, అగ్రిమెంటు, పని, ఎంబుక్ (కొలతల పుస్తకం), క్వాలిటీ కంట్రోల్, బిల్లు. ఇన్ని మెట్లలో కార్పొరేటర్ కనిపించేవి రెండే: మొదట లెటరు, మధ్యలో కొబ్బరికాయ.

ఇప్పుడు అసలు తప్పు ఎక్కడ జరుగుతుందో చూడండి. కాలవలో నీళ్లు వాటంతట అవి సాగాలంటే 200 మీటర్లకి ఒక మీటరు వాలు ఉంటే మేలని ఇంజనీర్లే చెప్తారు. ఆ లెక్కన 180 మీటర్ల వీధికి మొదటికీ చివరికీ 90 సెంటీమీటర్ల తేడా రావాలి. నేల బల్లపరుపుగా ఉంటే, ఈ చివర 45 సెంటీమీటర్ల లోతున మొదలైన కాలవ ఆ చివర 135 సెంటీమీటర్ల లోతుకి దిగాలి. దిగినా లాభం ఎప్పుడంటే, అక్కడ కలిసే పెద్ద డ్రెయిన్ అడుగు అంతకన్నా కిందుంటేనే. ఇవన్నీ తేలాలంటే మట్టం కొలిచే ఆటో లెవెల్ యంత్రం పెట్టి, పది మీటర్లకి ఒక రీడింగ్ తీసుకుని, పెద్ద డ్రెయిన్ అడుగు నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రావాలి. జరిగేది అది కాదు. ‘సగటు లోతు 60 సెంటీమీటర్లు’ అని ఎస్టిమేట్‌లో ఒక్క ముక్క రాసి, 180తో గుణించి, మట్టి తవ్వకం, బెడ్ కాంక్రీటు, గోడల కాంక్రీటు లెక్క తేల్చేస్తారు. అంటే కాలవ అడుగు రోడ్డు పోకడనే పట్టుకుని పోతుంది. రోడ్డు ఎత్తయిన చోట కాలవా ఎత్తే, రోడ్డు పల్లమైన చోట కాలవా పల్లమే. కట్టిన కాలవ పొడుగునా నీళ్లు నాలుగు చోట్ల నిలబడతాయి. నిలబడ్డ చోట ఇసుక, ప్లాస్టిక్ పేరుకుంటాయి. ఆర్నెల్లు తిరగకుండానే ‘కొత్త కాలవలో పూడిక’ అని పేపర్లో ఫొటో వస్తుంది. పూడిక తీయరని శానిటేషన్ వాళ్లని తిడతారు. వాళ్ల తప్పేముంది? పుట్టుకతోనే వాలు లేని కాలవ అది.

మధ్యలో మంచినీళ్ల పైపు అడ్డం వచ్చిందనుకోండి. పైపుని కిందికి దించాలంటే నీటి సరఫరా విభాగానికి వేరే ఎస్టిమేట్, వేరే అనుమతి. అంత ఓపిక ఎవరికుంది? పైపు మీద నుంచి కాలవని ఎత్తేస్తారు. ఆ ఒక్క మీటరు దగ్గర అడుగు 30 సెంటీమీటర్లు లేచి కూర్చుంటుంది, పైనున్న వీధంతా చెరువవుతుంది. బయటి నుంచి చూస్తే గోడలు నిటారుగా, పైమట్టం నున్నగా, మేస్త్రీ పని బాగానే ఉంటుంది. ఫొటోలో ఏ తప్పూ కనబడదు. యాప్‌లో ఎక్కేది ఆ ఫొటోనే.

తర్వాత రోడ్డు. పాత తారు గీకకుండా దాని మీదే మళ్లీ 40, 50 మిల్లీమీటర్ల పొర వేస్తారు. నాలుగుసార్లు వేస్తే ముప్పాతిక జాన ఎత్తు లేచింది. ఇంటి గుమ్మం అక్కడే ఉంది, రోడ్డు పైకొచ్చింది. వాననీళ్లు ఇంట్లోకి రాకుండా జనం ర్యాంపులు కట్టుకుంటారు. ర్యాంపు కాలవ మీదే వస్తుంది. పూడిక తీయడానికి మధ్యలో మూత పెట్టుకోండి అని చెప్పేవాళ్లు లేరు. రెండు ర్యాంపుల మధ్య పార పెట్టే సందు ఉండదు. ర్యాంపు కింద పూడిక అలాగే ఉండిపోతుంది, ఇవతల తీశామని హాజరు పుస్తకం మస్టర్‌లో పడుతుంది.

తీసిన పూడిక సంగతి మరో పురాణం. కాలవలోంచి తీసిన తడి మట్టిని గట్టున పోస్తారు. ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి ట్రాక్టర్‌తో ఎత్తాలి. ఎత్తరు. ట్రాక్టర్ వేరే వార్డుకి వెళ్లిందంటారు. మూడోరోజు వాన పడితే గట్టున ఉన్నదంతా మళ్లీ కాలవలోకే. కార్మికులది రెట్టింపు కష్టం, కార్పొరేషన్‌ది రెట్టింపు ఖర్చు, కాలవది అదే స్థితి. పైగా చిన్న కాలవలు పారిశుద్ధ్యం వాళ్లవి, పెద్ద డ్రెయిన్లు, ఉత్తరాంధ్రలో గెడ్డలంటామే అవి, ఇంజనీరింగ్ వాళ్లవి. ఈ రెండూ కలిసే చోట ఓ రెండు మీటర్లుంటాయి. ఆ రెండు మీటర్లు ఎవరివీ కావు. ఏ వీధికైనా వెళ్లి చూడండి: పైన కాలవ తీసి ఉంటుంది, కింద గెడ్డలో జేసీబీ దిగిన జాడ ఉంటుంది, మధ్యలో ఆ మూతి దగ్గర ఒక పాత పరుపు, రెండు కొబ్బరి బొండాలు, ఇసుక బస్తా, వాటి మీద మొలిచిన గడ్డి. వీధి మునిగేది ఆ మూతి వల్లే.

కాంట్రాక్టు లెక్కలు మీకు మేం చెప్పాలా? టెండరుతో ఒక శాతం, అగ్రిమెంటు నాడు ఒకటిన్నర, మొత్తం రెండున్నర శాతం ఈఎండీ, అంటే ధరావతు. బిల్లుల్లో పట్టుకునేది ఇంకో ఏడున్నర. పని విలువలో పదో వంతు దాకా సొమ్ము రెండేళ్లు కార్పొరేషన్ దగ్గరే ఉంటుంది. ఎందుకు? ఆ రెండేళ్లలో గోడ పగిలినా, పలక విరిగినా కాంట్రాక్టరు తన ఖర్చుతో బాగు చేయాలని. మంచి నియమం. ఫలానా కాలవ ఏ తేదీన పూర్తయింది, ఎవరు కట్టారు, రెండేళ్లు ఎప్పటికి నిండుతాయి అన్నది వార్డులో ఒక్కరికీ తెలియదు. కార్పొరేటర్‌కీ తెలియదు, ఎందుకంటే అగ్రిమెంటు కాపీ ఆయనకి ఇవ్వాలన్న రూలు లేదు. గోడ కూలితే జనం కార్పొరేటర్ దగ్గరికి వస్తారు, ఆయన మళ్లీ లెటర్ పెడతారు, ‘రిపేర్లు’ అని కొత్త ఎస్టిమేట్ తయారవుతుంది, సాధారణ నిధుల్లోంచి మళ్లీ డబ్బు. రెండేళ్లు నిండాక ఆ పట్టుకున్న సొమ్ము మాత్రం పూర్తిగా తిరిగి వెళ్లిపోతుంది.

బిల్లులు నెలల తరబడి కదలకపోతే ఇంకో వేషం. చిన్న పనులకి టెండరు వేసేవాడే రాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి రీకాల్. ఆ లోపు ప్రభుత్వ ధరల పట్టిక ఎస్ఎస్ఆర్‌లో రేట్లు మారతాయి, ఎస్టిమేట్ మళ్లీ మొదటి నుంచి. జనానికి కనబడేది ఏమిటంటే, ‘కొబ్బరికాయ కొట్టి ఏడాదైంది, పని మొదలు కాలేదు, కార్పొరేటర్ ఏదో తిన్నాడు’.

వార్డు కమిటీ ఉంటే ఇవన్నీ మాయమైపోతాయని మేం అనడం లేదు. కానీ ఇందులో సగం తప్పులు వీధిలో నివసించే మనిషికి కంటికి కనబడేవే. ఏ గుమ్మం దగ్గర నీళ్లు ముందు నిలబడతాయో అక్కడి వాళ్లకి తెలిసినంత ఏ లెవెల్ యంత్రానికీ తెలియదు. మార్చిలో కమిటీ ఒక్కసారి వార్డంతా నడిచి, ఏ మూతి పూడింది, ఏ ర్యాంపు కింద సందు లేదు, ఏది ముందు ఏది వెనక అని వరుస రాసి సంతకాలు చేస్తే, ఆ కాగితాన్ని కాదని వేరే వీధికి పని తీసుకెళ్లడం ఏ ఎమ్మెల్యేకీ అంత తేలిక కాదు. కమిటీ వేయకపోవడానికి అసలు కారణం కూడా అదేనేమో అని మా అనుమానం. తప్పయితే క్షమించండి.

ఇక సచివాలయాల సంగతి. 2019 అక్టోబర్ 2న మొదలయ్యాయి. పట్టణాల్లో ఉన్నవి 3,842. సుమారు నాలుగు వేల జనాభాకి ఒకటి, పదిమంది కార్యదర్శులు. ఎమినిటీస్, శానిటేషన్, ప్లానింగ్, రెవెన్యూ, వెల్ఫేర్, ఎడ్యుకేషన్, ఎనర్జీ, ఆరోగ్యం, మహిళా పోలీసు, పైన అడ్మిన్ కార్యదర్శి. 2025లో జనాభాని బట్టి ఏ, బీ, సీ అని విడగొట్టి ఆరుగురు, ఏడుగురు, ఎనిమిదిమంది అన్నారు. పేరు మార్చినా, సంఖ్య మార్చినా మారనిది ఒక్కటే: వార్డు గెలిచిన మనిషికీ ఆ ఆఫీసుకీ కాగితం మీద ఏ సంబంధమూ లేదు. పల్లెటూళ్లో సర్పంచికి కనీసం పంచాయతీ ఆఫీసు అనేది ఒకటుంది. ఊళ్లో కార్పొరేటర్ సచివాలయానికి వెళ్తే అతిథి. కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు. లాగిన్ మాత్రం చూపించరు. తన వార్డులో ఎన్ని ఫిర్యాదులు పెండింగ్‌లో ఉన్నాయో, ఏవి ‘క్లోజ్’ అయ్యాయో, ఏ ఫొటో పెట్టి క్లోజ్ చేశారో ఎన్నికైన ప్రతినిధికి చూసే వీల్లేదు. పురమిత్ర యాప్‌లోనో, మన మిత్ర వాట్సాప్‌లోనో ఫిర్యాదు పెట్టిన పౌరుడికే తన ఫిర్యాదు కనబడుతుంది. కార్పొరేటర్ తన వార్డుని చూడాలంటే పక్కింటి వాళ్ల ఫోను అడిగి చూడాలి.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు విజయవాడని ముంచింది. పూర్తిగా మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25,000, పై అంతస్తులకి 10,000 అని ప్రభుత్వం సాయం ప్రకటించింది. మంచి పని, కాదనం. ఇంటింటి నష్టం లెక్క (ఎన్యూమరేషన్) సచివాలయ సిబ్బంది రాశారు. తాళం వేసి బంధువుల ఇంటికి వెళ్లినవాళ్లు, ఒకే డోర్ నంబర్‌లో మూడు వాటాల్లో అద్దెకున్నవాళ్లు, ఆధార్‌లో పాత అడ్రసు ఉన్నవాళ్లు, ఇలాంటి వాళ్లు ఏ ఊళ్లో ఏ వరద జాబితాలోనైనా జారిపోతారు. ఈ మూడు రకాల వాళ్లనీ పేరుపేరునా చెప్పగలిగేది వార్డులో ఉండే మనిషి. అలాంటి జాబితా ఖరారయ్యే ముందు వార్డులో కూర్చోబెట్టి చదివి వినిపించే సభ ఒకటి ఉండి ఉంటే? దాని పేరే ఏరియా సభ. 2008 నుంచి చట్టంలో ఉంది.

పని చేసే అధికారం లేని మనిషికి మిగిలేది సేవ. అందుకే మీరు ఏ కార్పొరేటర్ ఇంటి ముందు చూసినా ఒక వాటర్ ట్యాంకరు, ఒక ఫ్రీజర్ బాక్సు, మడతపెట్టిన షామియానా, ప్లాస్టిక్ కుర్చీల దొంతర కనబడతాయి. వేసవిలో చలివేంద్రం, వినాయక చవితికి చందా, కంటి వైద్య శిబిరం, స్కూలు పిల్లలకి నోటుపుస్తకాలు. ఎవరి ఇంట్లో చావైనా ముందు కబురు ఆయనకే. ఇందులో ఏదీ చెడ్డది కాదు, మేం చిన్నచూపు చూడటం లేదు. కానీ ఫ్రీజర్ బాక్సు ఇచ్చినందుకు ఓటు పడి, కాలవ వాలు అడిగినందుకు పడకపోతే, వచ్చేసారి నిలబడే వాళ్లు దేని మీద డబ్బు పెడతారు? డబ్బున్నవాడే నిలబడతాడు. లేనివాడు నిలబడితే గెలిచాక కాంట్రాక్టరుతో వాటా మాట్లాడుకుంటాడు. నిజాయితీగా రెండూ చేయనివాళ్లు ఒక టర్మ్‌తో సరిపెట్టుకుని ఇంట్లో కూర్చుంటారు. మా ఊళ్లో అలాంటి వాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు, ఏ పార్టీ టికెట్టూ మళ్లీ అడగలేదు.

సగం సీట్లు మహిళలకి ఇచ్చామని గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. కానీ గెలిచిన ఆవిడకి ఫైలు చూసే హక్కు, వార్డులో సమావేశం పెట్టే హక్కు లేకపోతే ఇంజనీరు ఫోన్ చేసేది ఆవిడ భర్తకే. ‘కార్పొరేటర్ గారి భర్త’ అన్న పదవి రాజ్యాంగంలో ఎక్కడా లేదు, కౌన్సిల్ ఆఫీసు కారిడార్లలో మాత్రం ఉంది. కమిటీకి అధ్యక్షురాలిగా ఆవిడే కూర్చుని, మినిట్స్ మీద ఆవిడే సంతకం పెట్టాల్సి వస్తే ఆ పదవి దానంతట అదే సగం పోతుంది.

ఇంకొకటి. కార్పొరేటర్ పని నేర్చుకోవడానికే రెండు మూడేళ్లు పడుతుంది. అజెండా చదవడం, టేబుల్ అజెండాలో ఆఖరి నిమిషంలో దూర్చిన అంశాన్ని పట్టుకోవడం, ఏ పద్దు నుంచి ఏ పద్దుకి డబ్బు మళ్లిందో అడగడం, ఎంబుక్‌లో పొడుగు, వెడల్పు సరిచూడటం. ఇవి వచ్చేసరికి ఐదేళ్లు అయిపోతాయి. మళ్లీ ఎన్నికలకి వార్డు రిజర్వేషన్ మారుతుంది. నేర్చుకున్న మనిషి పక్క వార్డుకి పరాయివాడు. రిజర్వేషన్లు వద్దని కాదు మా మాట. మనిషి మారినా వార్డుకి జ్ఞాపకం మిగలాలంటే ఒక కమిటీ, దానికి ఒక రిజిస్టరు ఉండాలి. ఇప్పుడు వార్డు జ్ఞాపకమంతా ఒక ఏఈ డైరీలో ఉంటుంది. ఏఈ బదిలీ అయితే అదీ పోతుంది.

అసలు ఎన్నికలే జరగని ఊళ్ల మాట ఏమనాలి? గడువు తీరకముందే ఎన్నిక జరగాలని 243యూ చెప్తుంది. విశాఖలో 2012లో కౌన్సిల్ దిగిపోయింది. మళ్లీ కౌన్సిల్ వచ్చింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్లు. శ్రీకాకుళానికి 2010 తర్వాత పాలకవర్గం లేదు, ఈ మధ్యలో అది మున్సిపాలిటీ నుంచి కార్పొరేషన్ కూడా అయింది. కాకినాడకి 2022 సెప్టెంబర్‌తో గడువు తీరింది. రాజమహేంద్రవరంలో 2019లో దిగిపోయిన కౌన్సిల్ తర్వాత మరొకటి లేదు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు ప్రజాజీవితంలో తొలి అడుగు వేసింది ఆ ఊరి మున్సిపాలిటీలోనే, ఛైర్మన్‌గా పనిచేసిన తర్వాతే బారిస్టరయ్యారు, ముఖ్యమంత్రి అయ్యారు. ఇప్పుడు ఆ ఊళ్లో అలా మొదలుపెడదామనుకునే కుర్రాడికి నామినేషన్ వేయడానికి ఎన్నికే లేదు. విశాఖకి 1981లో ఎన్.ఎస్.ఎన్. రెడ్డి గారు మేయర్ అయ్యారు, 1995లో మేయర్ అయిన సబ్బం హరి గారు తర్వాత అనకాపల్లి ఎంపీ అయ్యారు. కౌన్సిల్ హాలు ఒకప్పుడు నాయకులు తయారైన చోటు. ఇప్పుడు అక్కడికి నేర్చుకోవడానికి ఎవరొస్తున్నారు?

సభకి కావాల్సినంత మంది వచ్చి కోరం నిండే రోజులూ ఉంటాయి లెండి, ఎందుకుండవు. 2025 ఏప్రిల్ 19న విశాఖలో మేయర్ మీద అవిశ్వాసం 74 ఓట్లతో నెగ్గింది. ఎవరు దిగారు, ఎవరు ఎక్కారు అన్నది మా గొడవ కాదు. అన్ని పార్టీలూ ఆ పని చేసినవే, కాకినాడ 2021లో చూసింది. మా ఆశ్చర్యమల్లా ఆ హాజరు గురించి. పదవి రీత్యా సభ్యులైన (ఎక్స్ అఫిషియో) ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా వచ్చారు. అంతమంది ఒక్క పూట ‘మా వార్డుల్లో కమిటీలు వేయండి’ అని చేయెత్తి ఉంటే ఎంత బాగుండేది!

పన్నులు మాత్రం ఆగలేదు. 2021 నుంచి ఆస్తిపన్ను మూలధన విలువ మీద వేస్తున్నారు, ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదన్నారు. దాటకుండానే నాలుగేళ్లు వరసగా పెరిగితే ఎంతవుతుందో మీ శాఖకి లెక్క తెలుసు. చెత్త మీద వేసిన రుసుము ఈ ప్రభుత్వం తీసేసింది, అందుకు కృతజ్ఞతలు. కానీ కట్టే పన్నులో మా వార్డు నుంచి ఎంత వెళ్లింది, మా వార్డులో ఎంత ఖర్చయింది అన్న రెండు లెక్కలు మాకు ఎక్కడా దొరకవు. కార్పొరేషన్ బడ్జెట్ పుస్తకం పద్దుల వారీగా ఉంటుంది, వార్డుల వారీగా ఉండదు. కార్పొరేటర్‌ని అడిగితే తనకీ తెలియదంటారు. నిజమే చెప్తున్నారు.

మొన్న మొంథా తుపానుకి మళ్లీ కార్పొరేటర్లే మోకాళ్ల దాకా తడిసి తిరిగారు. కొందరు ఫొటోల కోసం, కొందరు నిజంగానే. చెట్టు పడితే కోసే రంపం శాఖ దగ్గర, నీళ్లు తోడే మోటారు శాఖ దగ్గర, డీజిల్ ఇండెంట్ శాఖ దగ్గర. వాళ్ల దగ్గర ఉన్నది ఫోను. అవతలివాళ్లు ఎత్తితే అదృష్టం.

కాబట్టి అడుగుతున్నాం. వార్డు కమిటీలు వేయండి. ఉత్తర్వులు ఎప్పుడో ఉన్నాయి, అమలు చేయండి అంతే. సచివాలయ కార్యదర్శులు నెలకొకసారి ఆ కమిటీ ముందుకు వచ్చి పెండింగ్ జాబితా చదవాలి. వార్డులో జరిగే ప్రతి పనికీ అగ్రిమెంటు, పని పూర్తయిన తేదీ, రెండేళ్ల గడువు సచివాలయం గోడ మీద రాయించండి, పెయింటుకి పెద్ద ఖర్చవదు. ఎంబుక్ నకలు అడిగితే ఆర్టీఐ పెట్టుకోమనకండి. ఆఖరి బిల్లు ముందు కమిటీ చూసి సంతకం పెట్టాలన్న ఒక్క రూలు తెండి, వాలు లేని కాలవలు వాటంతట అవే తగ్గుతాయి. ఎమ్మెల్యేలకి ఇబ్బంది అనుకుంటే వాళ్లనీ పిలవండి, కుర్చీ వేస్తాం. వార్డు కమిటీలు వేయండి. కార్పొరేటర్‌కి తన వార్డు ఫిర్యాదులు చూసుకునే లాగిన్ ఇవ్వండి. రాజమహేంద్రవరం, శ్రీకాకుళం, కాకినాడల్లో ఎన్నికలు పెట్టండి. కోర్టు కేసులున్నాయని, విలీనాలున్నాయని అంటారు. కోర్టు స్టేలు ఎత్తివేయించుకోవడం ప్రభుత్వానికి చేతకాని పనా? తనకు కావాల్సిన కేసుల్లో చేయించుకోవడం చూస్తూనే ఉన్నాం.

2021 మార్చిలో కొలువుదీరిన కౌన్సిళ్లకి 2026 మార్చితో ఐదేళ్లు నిండుతాయి. ఆ తర్వాత ఎన్నికైనవాళ్ల స్థానంలో స్పెషల్ ఆఫీసర్లు వస్తారు, మళ్లీ ఎన్నేళ్లో ఎవరూ చెప్పలేరు. కొత్త ఏడాది బడ్జెట్ అంచనాలు ఈలోపే తయారవుతాయి. కనీసం ఆ అంచనాల్లో చేరే కాలవలు, రోడ్లు ఏవన్నది డిసెంబర్‌లోనే వార్డులో సభ పెట్టి అడగమని కమిషనర్లకి ఒక సర్క్యులర్ పంపండి. కమిటీ వేసే దాకా ఆగక్కర్లేదు. సభకి కావాల్సిన కుర్చీలు, షామియానా కార్పొరేటర్ల దగ్గర ఎలాగూ ఉన్నాయి.

ఇట్లు,
ఒక నగరపాలక సంస్థ పరిధిలోని కొన్ని వార్డుల నివాసుల సంఘాలు